కొండకు మొక్కిన రోజా

ఉగాది ఇంకా వారం ఉందనగా, ఒకనాటి పొద్దున్నే ఆదిమూలం పెరట్లో రోజా చెట్టు ముందు గొంతుక్కూర్చుని ఆ రోజు చేయాల్సిన పనులు మనసులో చెప్పుకుంటున్నాడు. చెట్టుకు మేకల ఎరువు వేయాలి. అంగడికి పోయేలోపు నీళ్లు పోయాలి. సాయంకాలం పూతోటల సంఘం సమావేశానికి పోవాలి. అన్నిటికన్నా ముందు, పై కొమ్మన తలెత్తి నిలబడ్డ ఆ ఒక్క మొగ్గను పక్కింటి మునిరత్నమ్మ చేతికి చిక్కకుండా కాపాడుకోవాలి. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. కష్టమంతా ఆ చివరి పనిలోనే ఉంది.

ఆదిమూలం తిరుపతి బజారులో ఒక బట్టలంగడి గుమాస్తా. బక్కపలచని మనిషి. ఆయనకు ఈ లోకంలో రెండే మురిపాలు. ఒకటి ఈ ఎడ్వర్డ్ రోజా చెట్టు, రెండోది తన క్రాపు. రోజూ కొబ్బరినూనె రాసి, పాపిడి తీసి, అద్దంలో ఎడమకొకసారి కుడికొకసారి చూసుకోనిదే గడప దాటడు. భార్య వరదమ్మ వాకిట్లో ముగ్గు పెట్టి, కొండవైపు తిరిగి దండం పెట్టుకుని, కాఫీ కాచి తెచ్చినా ఆ పాపిడి ముగిసేది కాదు.

పూతోటల సంఘానికి ఆయనే కార్యదర్శి. యుద్ధం జరిగినన్నాళ్లూ సర్కారువాళ్లు కూరగాయలు పండించమంటే సంఘంవాళ్లు వంగా బెండా వేసి వేసి విసిగిపోయారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మళ్లీ పూల మీద పడ్డారు. వసంతం వచ్చిందంటే వాళ్లకు చేతినిండా పని. వీధి మొగలో నిలబడి వచ్చేపోయేవాళ్లకు నారు పంచుతారు. ఆసుపత్రి ఆవరణలో బంతీ కనకాంబరమూ నాటుతారు. స్టేషను రోడ్డు పక్కన వేపమొక్కలు నాటుతారు. వాటిని ఊరి మేకలు తినేస్తాయి కాబట్టి మరుసటి వసంతంలో అవే గుంటల్లో మళ్లీ నాటుతారు. గుంటలు తవ్వే శ్రమ తప్పిందని అధ్యక్షుడు గోవిందస్వామి ఏటేటా సంతోషిస్తాడు. ఆయన తాసిల్దారుగా చేసి దిగినవాడు, దేనికైనా సంతోషించగలడు.

ఇవన్నీ ముగిశాక ఉగాది తరువాత వచ్చే ఆదివారం సత్రం పందిట్లో పూల పోటీ. గెలిచినవాళ్లకు వెండిపూత కప్పు. దాన్ని ఏటా సుందరరాజు తీసుకుపోతున్నాడు. ఆయనకు ఊటీ నుంచి తెప్పించిన అంటు రోజాలు ఉన్నాయి. ఒక్కొక్క పువ్వు అన్నం తినే గిన్నెంత పూస్తుంది. వాసన మాత్రం మచ్చుకైనా ఉండదు. ఆదిమూలం రోజా చిన్నది, కానీ పూసిందంటే వీధి మొదట్లోకే తెలుస్తుంది. అందుకే ఆయన పోయిన ఏడాదంతా సభ్యుల వెంటపడి, పోటీలో సగం మార్కులు వాసనకే ఇవ్వాలని ఒక నియమం పెట్టించాడు. పోటీలో సంఘం సభ్యులేగాక ఊళ్లోవాళ్లు ఎవరైనా పాల్గొనవచ్చని మరో నియమం పెట్టించి, దండోరా కూడా వేయించాడు. ఆ రెండో నియమం పెట్టించినప్పుడు గోవిందస్వామి ఆయన భుజం తట్టాడు. ఆ తట్టినచోటు ఆదిమూలానికి రెండు రోజులు హాయిగా ఉండింది.

ఇక ఈ ఏడు కప్పు తనదే. మొగ్గ పువ్వయ్యేదాకా చెట్టు మీద ఉంటే చాలు.

చిక్కు అక్కడే ఉంది. మునిరత్నమ్మ రోజూ తెల్లవారుజామున తానం చేసి, తడిక తలుపు తోసుకుని వచ్చి, పూజకని పూలు కోసుకుపోతుంది. అడగదు. దేవుడికి కోసే పూలకు ఎవరైనా అడుగుతారా? మందారం, నందివర్ధనం, రోజా, ఏది కంటపడితే అది ఆమె సజ్జలోకి పోతుంది. ఆమె పెద్దది, తల్లివంటిది. పైగా ఆదిమూలానికి జ్వరం వచ్చినప్పుడల్లా మిరియాల కషాయం ఆమె ఇంటినుంచే వస్తుంది. అటువంటి మనిషిని పట్టుకుని, దేవుడికి పువ్వు ఇవ్వనని ఏ నోటితో చెప్పేది? మూడేళ్లుగా పోటీకని దాచుకున్న పువ్వు పోటీనాటి పొద్దున ఆమె పూజగదిలో ఉంటోంది.

ఆ పొద్దున ఎరువు కలుపుతుండగా ఆదిమూలానికి ఒక ఉపాయం తట్టింది. దేవుడికని కోసే మనిషిని ఆపగలిగేది దేవుడొక్కడే. లోపలికి పోయి పాత పంచె అంచు చింపి, పసుపునీళ్లలో ముంచి, రోజా చెట్టు మొదట్లో కట్టాడు. కట్టి లేచేసరికి తడిక కిర్రుమంది.

"ఏమి నాయనా, చెట్టుకు పసుపు గుడ్డ కట్టుండాది?" అంది మునిరత్నమ్మ.

"మొక్కు పెద్దమ్మా. ఈ మొగ్గను కొండకు మొక్కినా."

మునిరత్నమ్మ చాచిన చేయి వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే చెంపలు వేసుకుంది. "మంచి పని సేసినావు. స్వామి సొమ్మును నేను ముట్టుకుంటానా? వాసన గూడా సూడను. అయితే దేనికి మొక్కుకున్నావు?"

ఆదిమూలం అంతదూరం ఆలోచించలేదు. "మనసులో మొక్కు. బయటికి చెప్పకూడదు గదా పెద్దమ్మా," అన్నాడు.

మునిరత్నమ్మ ఆయన్ను కిందనుంచి పైదాకా చూసింది. చెట్టుకు కాపలా కాయాలని కోడి కూయకముందే లేస్తున్నందువల్ల కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బుగ్గలు ఎప్పటిలాగే లోపలికి ఉన్నాయి. "సెప్పొద్దులే నాయనా. నాకు తెలుస్తా ఉండాది," అని కొంగుతో కళ్లు ఒత్తుకుని, నాలుగు నందివర్ధనాలు కోసుకుని వెళ్లిపోయింది.

ఉపాయం ఫలించిందని ఆదిమూలం ఆ పూట పాపిడి మామూలుకన్నా బాగా తీసుకుని అంగడికి పోయాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి వీధిలో మనుషులు ఆయనకు దారి వదిలి నిలబడుతున్నారు. ఎదురింటి గంగులమ్మ, "ఎండలో తిరగొద్దప్పా, నీడపట్టున పో," అంది. ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటే వరదమ్మ ఒక గిన్నెలో గంజి తెచ్చి పెట్టింది.

"ఇదేంది వరదా? అన్నం యాడ?"

"కడుపులో గడ్డ ఉండేవాళ్లకు గంజి తప్ప ఏమీ పెట్టగూడదంట."

"ఎవరి కడుపులో?"

"మీ కడుపులోనే. మీరు నాతో చెప్పకపోతే నాకు తెలియకుండా పోతుందా? మునిరత్నమ్మ చెప్పింది. కొళాయి కాడ అందరికీ తెలుసు."

"నాకే జబ్బూ లేదు."

"లేకుంటే చెట్టుకు పసుపు గుడ్డ దేనికి కట్టినట్లు?" అంది వరదమ్మ, ఆయన ముఖంలోకి నిదానంగా చూస్తూ.

ఆదిమూలం నోరు తెరిచాడు. జవాబు నాలుక మీదే ఉంది. కానీ ఒక ముసలామె చేతినుంచి ఒక రోజా పువ్వును కాపాడుకోవడానికి స్వామి పేరు చెప్పి అబద్ధమాడానని, రోజూ కొండకు దండం పెట్టనిదే మంచినీళ్లు ముట్టని ఈ ఆడమనిషితో ఎట్లా చెప్పేది? అంతకన్నా గడ్డే నయం అనిపించింది. గంజి తాగాడు. అందులో ఉప్పు కూడా లేదు.

సాయంకాలం సమావేశానికి పోతుంటే వరదమ్మ గడప దాకా వచ్చింది. "నేనూ ఒక మొక్కు మొక్కినా. మీ కష్టం గట్టెక్కితే మీ తలనీలాలు కొండకు ఇప్పిస్తానని," అంది.

ఆదిమూలం చేయి తనకు తెలియకుండానే పాపిడి మీదికి పోయింది. "నా జుట్టును నువ్వెట్లా మొక్కుతావు?"

"మీ గడ్డ సంగతి మీరు నాతో చెప్పినారా? నేనూ చెప్పకుండా మొక్కినా."

సమావేశంలో కూడా ఆ మాటే. ఆదిమూలం నారుమొక్కల సంగతి ఎత్తితే గోవిందస్వామి అడ్డుకుని, "నువ్వు కూర్చోవయ్యా, అలసిపోతావు," అన్నాడు. తరువాత సభ్యుల వైపు తిరిగి, అంత బాధలోనూ తోటపనిని దైవకార్యంగా చేస్తున్న కార్యదర్శిని చూసి మనమంతా నేర్చుకోవాలని చాలాసేపు మాట్లాడాడు. ఆదిమూలం తల దించుకుని కూర్చున్నాడు. అది వినయమని అందరూ అనుకున్నారు.

సుందరరాజు మాత్రం జరిగి దగ్గరకు వచ్చి, మెల్లిగా అడిగాడు. "ఏమప్పా, గుడ్డ కట్టినాంక మునిరత్నమ్మ చెట్టును ముట్టలేదంట, నిజమేనా?"

"నిజమే."

"వాసన గూడా చూడలేదా?"

"చూడలేదు."

సుందరరాజు ఇంకేమీ అడగలేదు. వింటున్న మిగతావాళ్లూ అడగలేదు. ఆ ఊళ్లో పూలచెట్టు ఉన్న ప్రతి ఇంటికీ పక్కన ఒక మునిరత్నమ్మ ఉంది. మరునాటినుంచి ఆదిమూలం పనిచేసే అంగట్లో తెల్ల మల్లుగుడ్డ ముక్కలకు గిరాకీ మొదలైంది. సంఘంవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి జానెడు ముక్క చాలన్నారు. చింపి ఇచ్చింది ఆదిమూలమే. ఉగాది నాటికి సంఘం సభ్యుల ఇళ్లలో పసుపు గుడ్డ లేని పూలచెట్టు లేదు. సుందరరాజు అయితే ఊటీ రోజాలకే కాక కరివేపాకు చెట్టుకు కూడా కట్టించాడు.

ఊరి ముసలమ్మలు ఖాళీ సజ్జలతో తిరుగుతూ కూడా, తమ ఊరివాళ్లకు ఇంత భక్తి ఎప్పుడు కుదిరిందా అని మురిసిపోయారు. ఆదిమూలం ఉగాదిపచ్చడి ఒక్కటి నాకి గంజి తాగాడు. వరదమ్మ బొబ్బట్లు చేసి, ఆయనకు కనిపించేటట్లే ఉట్టి మీద పెట్టింది. ఆమె గుడికి పోయినప్పుడు ఆయన పీట వేసుకుని ఎక్కి, రెండు తిని, పీటను మళ్లీ యథాస్థానంలో పెట్టాడు. కప్పు కోసం ఏదైనా ఓర్చుకోవచ్చు అనుకున్నాడు. మొగ్గ అప్పటికే విచ్చుతోంది. అటువంటి పువ్వు ఆ చెట్టుకు ఏ ఏడూ పూయలేదు. దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు ఆకలి సగం తీరేది.

ఆదివారం వచ్చింది. సత్రం పందిట్లో బల్లల మీద గాజుగ్లాసుల్లో పూలు బారులు తీరాయి. ప్రతి గ్లాసుకూ మొక్కుగుర్తుగా పసుపుదారం కట్టి ఉంది. చుట్టూ సజ్జల ముసలమ్మలు కాపలాగా నిలబడ్డారు. స్వామి పూలు నలుగురూ కళ్లతో చూస్తే తప్పులేదు గాని, ముక్కు దగ్గర పెడితే ఊరికి అరిష్టమని వాళ్లు ముందే తేల్చేశారు. ఆదిమూలం తన గ్లాసును గాలి వచ్చే వైపు పెట్టుకున్నాడు. ముక్కు దూరంగా ఉన్నా గాలి పనిచేస్తుందని ఆశ.

పరీక్షకుడు శాంతయ్య రేణిగుంటలో రైలుస్టేషను తోటలు చూసే మనిషి. ఆదివారం కాబట్టి చర్చిలో ప్రార్థన ముగించుకుని మధ్యాహ్నం బండికి వచ్చాడు. నెమ్మదస్తుడు. చొక్కా జేబులో కొలతటేపు పెట్టుకుని ఒక్కొక్క పువ్వునే కొలిచాడు, రంగు చూశాడు. అంతా అయ్యాక వాసన చూడటానికి మొదటి గ్లాసు మీదికి వంగబోయి, ముసలమ్మల ముఖాలు చూసి ఆగాడు.

"ఇవి మొక్కిన పూలు గదా?" అన్నాడు.

"అవునవును. అన్నీ స్వామివే," అన్నాడు గోవిందస్వామి గర్వంగా.

"అయితే నేను వాసన చూడకూడదు. నా మతం వేరే అయినా మీ మర్యాద నాకు తెలుసు. వాసన మార్కులు ఎవరికీ వేయను. పరిమాణం, రంగు చూసి చెప్పేస్తా."

ఆదిమూలం తన గ్లాసు వైపొకసారి, సుందరరాజు గ్లాసు వైపొకసారి చూశాడు. వాసన పోతే ఆయన చేతిలో ఏముంది? గిన్నెంత పువ్వు ముందు ఆయన రోజా ఎంత? సుందరరాజు అప్పటికే భుజం మీది కండువా సర్దుకుంటున్నాడు. "గాలికి వచ్చే వాసన చూస్తే తప్పులేదేమోనండీ," అని ఆదిమూలం సన్నగా అన్నాడు. ముసలమ్మలంతా ఒక్కసారి ఆయన వైపు తిరిగారు. మొక్కిన మనిషే ఆ మాట అనవచ్చా? జబ్బు ముదిరి మతి తప్పుతోందని గంగులమ్మ పక్కామెతో చెప్పింది.

అప్పుడు పందిట్లోకి మునిరత్నమ్మ వచ్చింది. ఒక చేతిలో కలకండ పొట్లం, ఇంకో చేతిలో ఇత్తడి చెంబు. చెంబులో ఒక రోజా పువ్వు. ఎడ్వర్డ్ రోజా, అప్పుడే విచ్చింది. ఆమె పందిరి దాటేలోపే దాని వాసన అందరి ముక్కులకూ చేరింది. ఆమె నేరుగా ఆదిమూలం దగ్గరకు వచ్చింది.

"ఈ రేకులు కలకండతో నూరుకుని తిను నాయనా. కడుపులో మంట తగ్గుతుంది."

"ఇది యాడిది పెద్దమ్మా?" అన్నాడు ఆదిమూలం.

"నా సెట్టుదే. నువ్వు ఎప్పుడో కొమ్మలు కత్తిరించి గోడ అవతల పారేస్తివి గదా, ఒకటి తెచ్చి పగిలిన కాగులో గుచ్చినా. నీళ్లతొట్టి కాడ ఉండాది. బాగా పూస్తుంది."

"నీకు రోజా చెట్టు ఉండాదా? మరి పూజకు..."

"దాన్ని కోయడానికి నాకు సెయ్యి రాదు నాయనా. సెట్టు మీద ఉంటేనే అందం. అందుకే మీ ఇంట్లో కోసుకుంటా వచ్చినా. ఇన్నేండ్లలో ఈ పొద్దే కోసినా. నీకని కోసినా."

ఆదిమూలానికి కోపం రావాల్సింది. మూడేళ్ల పూలు కళ్లముందు కదిలాయి. కానీ ఆమె చెంబును ఇంకా ఆయన ముందుకు చాచే ఉంది. లేని జబ్బు కోసం, కోయలేని పువ్వును కోసుకొచ్చింది. ఆయనకు సిగ్గుతో ముఖం ఎత్తబుద్ధి కాలేదు.

శాంతయ్య మాత్రం మెల్లిగా ముందుకు వచ్చాడు. "అమ్మా, ఇది మొక్కిన పువ్వా?"

"కాదు నాయనా. మందుకు తెచ్చినా."

"అయితే వాసన చూడవచ్చునా?"

"సూడు. మందుకు వాసనే గదా ముఖ్యం."

శాంతయ్య చెంబు అందుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు వాసన చూశాడు. తరువాత గోవిందస్వామిని అడిగి, పోటీలో ఊళ్లోవాళ్లు ఎవరైనా పాల్గొనవచ్చుననే నియమాన్ని, వాసనకు సగం మార్కుల నియమాన్ని రూఢి చేసుకున్నాడు. పందిట్లో వాసన మార్కులు పొందగల పువ్వు అదొక్కటే. కప్పు మునిరత్నమ్మ చేతిలో పెట్టారు. సుందరరాజు కండువా మళ్లీ దులిపి వేసుకున్నాడు. అంత మంచి నియమాలు పెట్టించిన కార్యదర్శి భుజాన్ని గోవిందస్వామి మరోసారి తట్టాడు.

మునిరత్నమ్మ కప్పును ఇటూ అటూ తిప్పి చూసి, "దీంట్లో కషాయం కాస్తే నిలుస్తుందా?" అని అడిగింది.

ఎట్లాగూ ఆదిమూలం కొండకు పోతున్నాడు కాబట్టి సభ్యులంతా తమ మొక్కుపూలు ఆయనకే అప్పగించారు. మరునాడు తెల్లవారగానే భార్యాభర్తలు బయల్దేరారు. మెట్లు మొదలయ్యే అలిపిరి దగ్గర, కొండ మీద పూలన్నీ స్వామివే కాబట్టి, వరదమ్మ తన తలలోని కనకాంబరాలు తీసి పక్కన పెట్టింది. ఆదిమూలం తడిగుడ్డ కప్పిన గంపను నెత్తిన పెట్టుకుని మెట్లు ఎక్కాడు. అందులో తన రోజా అడుగున ఉంది, సుందరరాజువి పైన ఉన్నాయి. సగం దూరం పోయేసరికి ఆయనకు ఇక ఆపుకోవడం చేతకాలేదు. గంప దించి మెట్టు మీద కూర్చున్నాడు.

"వరదా, నాకు గడ్డా లేదు, ఏమీ లేదు. మునిరత్నమ్మ పువ్వు కోయకుండా ఉండాలని గుడ్డ కట్టినా. స్వామి పేరు చెప్పి అబద్ధమాడినా."

"తెలుసు," అంది వరదమ్మ, చెంబులో నీళ్లు అందిస్తూ.

"ఎప్పటినుంచి?"

"గుడ్డ కట్టిన పొద్దునుంచి. పంచె చింపి పసుపు కలుపుతా మీలో మీరే నవ్వుకుంటా ఉంటిరి. జబ్బు మనిషి నవ్వుకుంటాడా? ఉట్టి మీది బొబ్బట్లు లెక్క తగ్గలేదనుకున్నారా?"

"మరి గంజి దేనికి పెట్టినావు? తలనీలాలు దేనికి మొక్కినావు?"

"స్వామి పేరు వాడుకున్నారు. ఊరికే పోతుందా? కాలో చెయ్యో పోకుండా జుట్టుతో సరిపెట్టమని నేనే వేడుకున్నా," అని వరదమ్మ గంప తన నెత్తిన పెట్టుకుంది. "లేయండి, ఎండెక్కుతా ఉండాది."

ఆదిమూలం లేచి ఆమె వెనకే మెట్లు ఎక్కాడు. మంగలి కత్తి కింద తల వంచినప్పుడు మాత్రం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రోజా స్వామి సన్నిధికి పోయింది. అక్కడ దాని వాసన ఎవరూ కొలవలేదు. గుండుకు చందనం పూసుకుని కొండ దిగుతుంటే గాలి తగిలి తల చల్లగా ఉంది. మనసు కూడా చాలా రోజుల తరువాత తేలికపడింది. ఇంటికి రాగానే వరదమ్మ అన్నం వండి, వంకాయ పులుసు చేసి, కడుపునిండా పెట్టింది.

మరునాడు తెల్లవారుజామున తడిక కిర్రుమంది. ఆదిమూలం తలకు తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి వచ్చాడు. మునిరత్నమ్మ సజ్జతో నిలబడి ఉంది. రోజా చెట్టుకు రెండు కొత్త మొగ్గలు విచ్చాయి.

"మొక్కు తీరింది గదా నాయనా. ఇంక కోసుకోవచ్చా?" అంది. ఇన్నేళ్లలో ఆమె అడగడం అదే మొదలు.

"కోసుకో పెద్దమ్మా," అన్నాడు ఆదిమూలం మనస్ఫూర్తిగా.

ఆమె రెండూ కోసుకుంది. సాగనంపడానికి వీధిలోకి వచ్చిన ఆదిమూలం పక్కింటి అరుగు చూసి ఆగిపోయాడు. నలుగురూ చూడాలని కాబోలు, మునిరత్నమ్మ పగిలిన కాగును నీళ్లతొట్టి దగ్గరనుంచి అరుగు మీదికి తెచ్చింది. పక్కనే కప్పు. కాగులోని రోజా చెట్టుకు కొత్త పసుపు గుడ్డ కట్టి ఉంది.

"దేనికి మొక్కుకున్నావు పెద్దమ్మా?"

"మనసులో మొక్కు. బయటికి సెప్పకూడదు గదా నాయనా," అని మునిరత్నమ్మ పూజకు పోయింది.

ఆ మొక్కు ఇప్పటికీ తీరలేదు.